నాలుగో అంతస్తు దెయ్యం

"అన్యాయమైపోయిన ప్రతి ఆత్మకూ మన సంస్థ అండగా నిలుస్తుంది."

ఈ మాట అన్నది ఏ పీఠాధిపతో కాదు. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడ నాలుగో అంతస్తును ఏలుతున్న మా వైస్ ప్రెసిడెంట్ వేణు గారు. సోమవారం పొద్దున రెండు వందల మందిని హాల్లో నిలబెట్టి, మైకు పట్టుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. ఏ ఆత్మ గురించో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా చప్పట్లు కొట్టడం మా ఉద్యోగంలో మొదటి వారంలోనే వచ్చేస్తుంది.

సంగతేమిటో తర్వాత మెయిల్లో తెలిసింది. ఐటీ కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న ఒక వేదిక వాళ్ళు ఆ ఏడాది కూడా పొట్టి సినిమాల పోటీ పెట్టారు. 'మానవత్వం ఉన్న ఆఫీసు' అన్నది అంశం. కిందటేడాది పక్క బిల్డింగు వాళ్ళు మొక్కలు నాటుతున్నట్టు సినిమా తీసి మొదటి బహుమతి పట్టుకుపోయారు. ఆ మొక్కలు ఎప్పుడో ఎండిపోయాయి గానీ బహుమతి మాత్రం వాళ్ళ రిసెప్షన్లో ఇంకా మెరుస్తూనే ఉంది. "మనం హారర్ తీద్దాం. జనం భయపడాలి, వెంటనే ఏడవాలి" అన్నారు వేణు గారు. మానవత్వానికీ దెయ్యానికీ సంబంధమేమిటని అడగబోయి, అది అప్రైజల్ నెల అని గుర్తొచ్చి ఊరుకున్నాను.

కథ రాసే పని నా మీద పడింది. నా పేరు ఇమ్మాన్యుయేల్. మాది ఒంగోలు. కంపెనీ పత్రికలో వార్తలు రాయడం, పుట్టినరోజు శుభాకాంక్షలు కూర్చడం నా పని. కాలేజీలో ఉండగా రెండు కథలు అచ్చయ్యాయి. అందుకని నన్ను నేను రచయితగానే లెక్కేసుకుంటాను.

వారం రోజులు కూర్చుని రాశాను. మల్లమ్మ అనే ఆవిడ ఒక ఆఫీసులో నేల తుడుస్తుంటుంది. ల్యాప్‌టాప్ దొంగిలించిందని ముగ్గురు మేనేజర్లు నింద వేసి ఆమెను వెళ్ళగొడతారు. ఆ దిగులుతోనే మంచం పట్టి చనిపోతుంది. దెయ్యమై తిరిగొచ్చి ముగ్గురినీ ఒక్కొక్కరినే చంపుతుంది. పేరు 'మల్లమ్మ పగ'. రాస్తూ రెండు చోట్ల నేనే ఏడ్చాను.

కథ విన్న మా హెచ్చార్ అధిపతి హర్షిణి గారు కూడా ముక్కు తుడుచుకున్నారు. తుడుచుకుని, "చాలా టచింగ్‌గా ఉంది ఇమ్మాన్యుయేల్. కానీ పగ అనేది మన విలువల్లో లేదు" అన్నారు. గోడ మీద మా కంపెనీ విలువలు ఆరూ ఫ్రేము కట్టి ఉన్నాయి. చదివాను. నిజంగానే పగ లేదు. అందుకని పేరు 'మల్లమ్మ మళ్ళీ వచ్చింది' అని మారింది.

తర్వాత చచ్చేదెవరన్న సమస్య వచ్చింది. మొదటి మేనేజరు పాత్ర వేణు గారికి అనుకున్నాం. "నేను చావడం బాగోదు. మర్నాడు రివ్యూ మీటింగులో నా టీమ్ నన్ను ఏ మొహంతో చూస్తుంది?" అన్నారాయన. మిగతా మేనేజర్లదీ అదే అభ్యంతరం. దెయ్యం చేతిలో చావడానికి మా అంతస్తులో తగినంత చిన్న ఉద్యోగి ఎవరా అని వెతుకుతూ పోతే, ముగ్గురు మేనేజర్లు చేసిన అన్యాయం మెట్టు మెట్టూ దిగి, చివరికి సెక్యూరిటీ గార్డు మొగిలి దగ్గర ఆగింది. నింద వేసేది అతనే, చచ్చేదీ అతనే. మొగిలిని ఎవరూ అడగలేదు, చెప్పారంతే. వేణు గారు మంచి మేనేజరయ్యారు. ఆయన దెయ్యాన్ని చూసి భయపడకుండా, దాని కష్టం విని, దాని పేరిట పనివాళ్ళకొక భోజనాల గది తెరుస్తారు. దెయ్యం శాంతిస్తుంది.

దెయ్యం వేషానికి టీమ్ లీడ్ పింకీని అనుకున్నాం. విజయవాడ అమ్మాయి, కాలేజీ నాటకాల్లో పేరు తెచ్చుకున్న మనిషి. ఆమె చాలా వినయంగా నిరాకరించింది.

"ఇంట్లో సంబంధాలు చూస్తున్నారండి. అబ్బాయి వాళ్ళు నా ఫొటో వెతికితే దెయ్యం కనిపిస్తే ఏం బాగుంటుంది? వేణు గారి పక్కన జాలిపడే అసిస్టెంటు ఎవరైనా ఉంటే చేస్తాను."

అలాంటి పాత్ర లేదు. సాయంత్రానికల్లా ఉంది.

ఈ చర్చ జరుగుతున్న గదిలో ఒక మూల సత్తెమ్మ నేల తుడుస్తోంది. యాభై ఏళ్ళుంటాయి. సొంతూరు నార్సింగి. ఇప్పుడక్కడే ఒక గదిలో కిరాయికి ఉంటోంది. తొమ్మిదేళ్ళుగా మా అంతస్తు తుడుస్తోంది. ఆమె పేరు సత్తెమ్మ అని ఆ రోజే నాకు తెలిసింది. అప్పటిదాకా మేమంతా ఆమెను 'హౌస్‌కీపింగ్' అని పిలిచేవాళ్ళం.

దెయ్యం మాటలు నేను పైకి చదువుతున్నాను. "నా వేదనకు మీరు వెల కట్టలేరు. నా మౌనానికి మీరు సమాధానం చెప్పక తప్పదు."

మూల నుంచి చిన్న నవ్వు వినిపించింది. అందరం అటు తిరిగాం.

"ఏం లేదు సారూ. నేల తుడిసెటామె గిట్ల మాట్లాడదు అంటున్న" అంది సత్తెమ్మ, తుడుస్తూనే.

"మరి ఎలా మాట్లాడుతుంది?" అన్నారు హర్షిణి గారు, పిల్లల్ని అడిగినట్టు ముద్దుగా.

సత్తెమ్మ కర్ర గోడకానించి నడుం నిటారు చేసింది. "అసలు నాకో ముచ్చట సమజ్ కాలే మేడం. మేము రోజు వచ్చెటప్పుడు, పొయ్యెటప్పుడు మొగిలన్న మా సంచులు ఇప్పి చూస్తడు. టిఫిన్ డబ్బా మూత గూడ తీయమంటడు. మరి గా మల్లమ్మ గంత పెద్ద ల్యాప్‌టాపు యాడ పెట్టుకొని పోయింది? గదే అడగాలె దయ్యం. డబ్బల పెట్టుకున్ననా, చారు కింద పెట్టుకున్ననా అని అడగాలె."

నా కథలో ఇంత పెద్ద చిల్లు ఉందని నాకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం, నా సంచి ఎవరూ ఎప్పుడూ విప్పి చూడకపోవడం.

"ఈమే మన దెయ్యం" అన్నారు వేణు గారు.

రెండు శనివారాలు షూటింగ్ చేశాం. సాయంత్రం అయిదు దాటితే ఏసీ ఆపేస్తారు కాబట్టి మా దెయ్యం పొద్దున పది నుంచి అయిదు దాకా తిరిగేది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి చీకటి చేశాం. సత్తెమ్మ మొహానికి తెల్ల పౌడరు, కళ్ళకింద కాటుక, విరబోసిన జుట్టు. అప్పుడొక వింత జరిగింది. మేకప్ వేసుకుని ఆమె ముందువైపు లిఫ్టు ఎక్కితే, పనివాళ్ళకు వెనక వేరే లిఫ్టు ఉందని ఎవరూ గుర్తు చెయ్యలేదు. పైగా వేణు గారు తలుపు మూసుకోకుండా బటన్ నొక్కి పట్టుకున్నారు. పింకీ కాఫీ తెచ్చిచ్చింది. కుర్రవాళ్ళు పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. రిసెప్షన్ సోఫాలో కూర్చోబెట్టి ఆమె జడపాయలు సరిచేశారు.

"తొమ్మిదేండ్ల సంది ఈ సోఫ తుడుస్తున్న సారూ. గింత మెత్తగుంటదని ఇయ్యాలనే తెలిసింది" అంది నాతో. అని, కాసేపు కళ్ళు మూసుకుంది.

మొగిలి మీదికి వచ్చే ఘట్టంలో నేను రాసిన మాటలు ఆమెకు నోరు తిరగలేదు. వదిలేసి తన మాటలే అంది. ఎక్కడా అరవలేదు. "మొగిలన్నా, నా డబ్బ మూత తియ్యి. ఇయ్యాల గూడ తియ్యి. చూడు ఏముందో" అంటూ ఖాళీ డబ్బా చాపి ఒక్కో అడుగే ముందుకొచ్చింది. మొగిలి నిజంగానే వెనక్కి పడ్డాడు. కెమెరా పట్టుకున్నతను కట్ చెప్పడం మరిచిపోయాడు.

భోజనాల గది కోసం పాత మానిటర్లు పడేసే స్టోరు రూము ఖాళీ చేయించారు. ఖాళీ చేసింది సత్తెమ్మ, ఆమెతో పనిచేసే ముగ్గురు ఆడవాళ్ళు. పెద్ద బల్ల, ఆరు కుర్చీలు, నీళ్ళ ఫిల్టరు పెట్టి, 'మల్లమ్మ భోజనశాల' అని బోర్డు తగిలించాం. వేణు గారు రిబ్బను కత్తిరించారు. పింకీ గ్లిజరిన్ అవసరం లేకుండానే ఏడ్చింది.

సినిమాను మా ఆడిటోరియంలో వేశారు. ఇరవై నిమిషాలు. అందరూ ఏడ్చారు. హాల్లో సీట్లు చాలక హౌస్‌కీపింగ్ వాళ్ళను పిలవలేదు. వాళ్ళు బయట టీ కప్పులు ఎత్తుతున్నారు. చివర్లో సత్తెమ్మను లోపలికి పిలిచి శాలువా కప్పారు. హాలంతా లేచి నిలబడింది. "మన కంపెనీలో సత్తెమ్మ వేరు, నేను వేరు కాదు" అన్నారు వేణు గారు గద్గద స్వరంతో. సత్తెమ్మ శాలువా మడిచి చంకలో పెట్టుకుని, మిగిలిన కప్పుల సంగతి చూడ్డానికి బయటికి వెళ్ళిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, సత్తెమ్మ ఆ మాట నమ్మింది.

సోమవారం మధ్యాహ్నం ఆమె, ఆ ముగ్గురు ఆడవాళ్ళు తమ డబ్బాలు పట్టుకుని మల్లమ్మ భోజనశాలలోకి వెళ్ళి, కుర్చీల్లో కూర్చుని అన్నం తిన్నారు. అంతకుముందు మంటలొస్తే దిగడానికని కట్టిన మెట్ల మీద కూర్చుని తినేవాళ్ళు. బల్ల, కుర్చీలు వెనక్కి తీసుకుపోవడం ఎవరికీ గుర్తులేదు కాబట్టి పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు హర్షిణి గారు అటుగా వెళ్తూ పప్పుచారు వాసన పసిగట్టారు.

"సత్తెమ్మా, ఇది సెట్టింగు కదా" అన్నారు ఎంతో ఓపికగా.

"బోర్డు పెట్టిన్రు గద మేడం."

"అది సినిమా కోసం."

"అన్నం గూడ సినిమా కోసం తినమంటరా? గా మెట్ల మీద దుమ్ము మస్తుగుంటది మేడం. చంద్రమ్మకు మోకాళ్ళ నొప్పులు. గీ రూముల మీకు పాత టీవీలే గద ఉండేది. జర మాకియ్యిండ్రి."

చంద్రమ్మ మోకాళ్ళ గురించి హర్షిణి గారు నోట్ చేసుకున్నారు. మర్నాడు గది ఎవరి వాడకంలో ఉండాలో తేల్చడానికి మీటింగు జరిగింది. 'ఒకసారి ఇస్తే అలవాటవుతుంది' అని ఒకరు, 'మిగతా అంతస్తుల వాళ్ళు కూడా అడుగుతారు' అని ఒకరు. సత్తెమ్మ వేణు గారితోనే మాట్లాడతానని ఆయన గది ముందు నిలబడింది. ఆయన మూడు రోజులు ఫోన్లో ఉన్నారు. నాలుగో రోజు హర్షిణి గారు నన్ను పిలిచారు.

"హౌస్‌కీపింగ్ వాళ్ళను పంపే ఏజెన్సీకి చెప్పాం. ఆవిణ్ణి జీడిమెట్లలో ఒక కెమికల్ కంపెనీకి మారుస్తున్నారు. లెటరు మామూలు భాషలో ఉంటే బాధపడుతుంది. తెలుగులో, కాస్త గౌరవంగా, మనసుకు హత్తుకునేలా రాసిపెట్టు. నువ్వు రచయితవి కదా."

చివరి మాట అనకపోతే ఏం చేసేవాణ్ణో తెలియదు. బహుశా ఇదే చేసేవాణ్ణి. నార్సింగి నుంచి జీడిమెట్లకు రెండు బస్సులు మారాలని నాకు తెలుసు. అయినా అరగంటలో రాసిచ్చాను. 'తొమ్మిదేళ్ళుగా ఈ ప్రాంగణాన్ని మీ చేతులతో కాంతిమంతం చేసిన మీ సేవలు మరింత విశాలమైన వేదికకు చేరుతున్న ఈ శుభతరుణంలో...' అంటూ మొదలైంది. 'శుభతరుణం' దగ్గర ఒక్క క్షణం ఆగాను. మాట బాగుందని ఉంచేశాను.

సత్తెమ్మ వెళ్ళిపోయింది. భోజనశాల మళ్ళీ స్టోరు రూమైంది. హౌస్‌కీపింగ్ వాళ్ళెవరూ ముందు లిఫ్టు ఎక్కకూడదని, ఆ గది గుమ్మం తొక్కకూడదని మొగిలికి కాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టించుకున్నారు.

సరిగ్గా నెలకు పోటీ వాళ్ళ నుంచి కబురొచ్చింది. మా సినిమా చివరి మూడింటిలో నిలిచింది. శుక్రవారం న్యాయనిర్ణేతలు మా ఆఫీసుకు వస్తారు. నటించిన సత్తెమ్మను కలుస్తారు, ఆ భోజనాల గదిని చూస్తారు.

గదిదేముంది, గంటలో తయారైంది. బోర్డుకు దుమ్ము కూడా అంటలేదు. సత్తెమ్మ సంగతే తేలలేదు. హర్షిణి గారు ఆమెకు ఫోన్ చేశారు. "శుక్రారం షిఫ్టు ఇడిసి వస్తే కొత్త నౌకరి గూడ పోతది మేడం" అని పెట్టేసిందట.

"ఆవిణ్ణి మేకప్‌లోనే కదా వాళ్ళు చూసింది" అన్నారు వేణు గారు ఆలోచిస్తూ. అందరి చూపూ పింకీ మీదికి వెళ్ళింది. సంబంధం అప్పటికి కుదిరింది కాబట్టి పింకీకి దెయ్యంతో పేచీ లేకపోయింది. ప్రమోషన్ కూడా అదే నెలలో ఉంది. రెండు రోజులు నాతో కూర్చుని 'ఏంది', 'గిట్ల', 'పరేషాన్' ప్రాక్టీసు చేసింది. ఒంగోలు వాడు నేర్పగా విజయవాడ అమ్మాయి నేర్చుకున్న తెలంగాణ మాట అది. మొగిలి వింటే ఏ దేశం భాషని అడిగినా ఆశ్చర్యపోనవసరం లేదు.

శుక్రవారం న్యాయనిర్ణేతలు ముగ్గురూ పదకొండింటికి వచ్చి భోజనశాలలో కూర్చున్నారు. పెద్దావిడ జయలక్ష్మి గారు, రిటైరైన ఆఫీసరు. పింకీ మాత్రం కింద కారులో మేకప్ పూర్తి చేసుకుని, హౌస్‌కీపింగ్ వాళ్ళ నీలం యూనిఫారం, తెల్ల పౌడరు, విరబోసిన జుట్టుతో బిల్డింగులోకి వచ్చింది. మెడలో ఐడీ కార్డు ఉంటే బాగుండదని తీసి కారులోనే పెట్టేసింది.

మొగిలి లిఫ్టు దగ్గర ఆపాడు.

"వెనక లిఫ్టుల పో అమ్మా."

"మొగిలీ, నేను పింకీని. టీమ్ లీడ్‌ని."

"మొన్న సత్తెమ్మ గూడ గిట్లనే పౌడర్ పూసుకొని లిఫ్టు ఎక్కింది. నా నౌకరి పోయేటట్టున్నది. సినిమ అయిపోయిందమ్మా. సంచి ఇప్పు."

పింకీ ఇంగ్లీషులో తిట్టింది. "ఇంగ్లీష్ గూడ నేర్పిన్రా" అని సంచి తనే విప్పాడు. అందులో హంగు కోసం పెట్టుకున్న టిఫిన్ డబ్బా ఉంది. మూత తీయించాడు. వెనక లిఫ్టు ఆ రోజు పనిచెయ్యడం లేదు. నాలుగు అంతస్తులూ మెట్లెక్కి, పౌడరు చెమటకు చారలు కట్టి, పింకీ భోజనశాల చేరి కుర్చీలో కూలబడింది. ఆమె వెనకాలే మొగిలి వచ్చాడు. అతనికి రాసిచ్చిన కాగితం చేతిలోనే ఉంది.

"లెవ్వు అమ్మా. హౌస్‌కీపింగ్ వాళ్ళు ఈ రూముల కూసోవద్దని హర్షిణి మేడం ఆర్డర్" అని, న్యాయనిర్ణేతల ముందే, కాగితం పైకి చదివాడు. తేదీతో సహా.

వేణు గారి మొహం దెయ్యం మేకప్ లేకుండానే తెల్లబడింది. పింకీ బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారి అది నటన కాదని మా అందరికీ తెలుసు.

న్యాయనిర్ణేతలకు తెలియదు. జయలక్ష్మి గారు మెల్లిగా లేచి నిలబడ్డారు. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. "సినిమా తర్వాతి భాగాన్ని మా కళ్ళ ముందే ఆడి చూపించారు. ఆ కాగితం చదివించడం మాత్రం గొప్ప ఊహ. ఇంత నిజాయితీగా తమను తాము విమర్శించుకునే ఆఫీసును నేను చూడలేదు" అన్నారు. వేణు గారు ఒక్క క్షణం ఆలోచించి, గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచారు.

మొదటి బహుమతి మాకే వచ్చింది.

పింకీ మాత్రం ఆ అవమానాన్ని మరిచిపోలేదు. అదే సాయంత్రం ఫిర్యాదు రాసింది. ఒక ఉద్యోగిని చేత మెట్లెక్కించడం, సంచి వెతకడం, కూర్చున్న మనిషిని లేపడం అమానుషమని హర్షిణి గారు వెంటనే ఒప్పుకున్నారు. కమిటీ వేశారు. అది మూడు రోజుల్లో నివేదిక ఇచ్చింది. నాలుగో రోజు మొగిలిని తీసేశారు. రూలు అమలు చేసినందుకు కాదు, మనిషిని చూడకుండా అమలు చేసినందుకు.

బహుమతితో పాటు నటులకు ప్రశంసాపత్రాలు కూడా వచ్చాయి. సత్తెమ్మది ఎవరు ఇస్తారని అడిగితే గదిలో అందరూ ల్యాప్‌టాపుల్లోకి చూశారు. నేనే తీసుకుని జీడిమెట్ల వెళ్ళాను. ఫ్యాక్టరీ గేటు పక్కన రేకుల షెడ్డులో మధ్యాహ్నం అన్నాల వేళ. గాలికి ఘాటు వాసన వస్తోంది. సత్తెమ్మ బెంచీ మీద మరో ఇద్దరితో తింటూ కనిపించింది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను.

"మంచిగున్నరా సారూ? ఈడ దగ్గు జర ఎక్కువొస్తది గానీ, కూసొని తింటున్నం" అంది.

ఆమె సినిమా చూడనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. నా ఫోన్లో పెట్టి ఇచ్చాను. పక్కనున్న ఇద్దరూ మీదికి వంగారు. సత్తెమ్మ అన్నం చెయ్యి గాల్లోనే పెట్టుకుని ఇరవై నిమిషాలూ కదలకుండా చూసింది. డబ్బా పట్టుకుని తను ముందుకొచ్చే చోట, "అబ్బ, ఎట్లున్ననే నేను" అని పక్కామె భుజం తట్టింది. రిబ్బను కత్తిరించే చోట తెర మీది బోర్డును వేలితో చూపించింది. అయిపోయాక ఫోను పైట చెంగుకు తుడిచి నాకిచ్చింది.

"మొగిలన్నను తీసేసిన్రంట గద. మొన్న బస్సుల కలిసిండు. ఆయనకు గూడ కాయితం ఇచ్చిన్రట. మీరే రాసిన్రట."

నేను ప్రశంసాపత్రం సరిచేస్తూ కూర్చున్నాను.

"సినిమాల మీరు రాసిన మాటలు నాకు ఒక్కటి గూడ నోరు తిరగలే సారూ, ఏమనుకోకుండ్రి" అంది సత్తెమ్మ. ఆమె గొంతులో వెటకారం ఏమీ లేదు. "గానీ నాకిచ్చిన కాయితం మాత్రం మస్తు రాసిన్రు. మా సూపర్‌వైజర్ చదివి వినిపించిండు. సగం దాంక నాకేదో సన్మానం చేస్తున్నరనే అనుకున్న."

రచయితని కదా. రాసింది బాగుందని ఎవరైనా అంటే నోటికి అలవాటైన మాట ఒకటే ఉంది.

"థాంక్స్ సత్తెమ్మా" అన్నాను.